జర జరుగు, బేగం కూసుంటదట

నా చిన్నప్పుడు కొత్తగూడ దాటితే ఇళ్ళకంటే బండలే ఎక్కువ. ఏనుగంత బండ మీద గుమ్మడికాయంత బండ, ఎవరో పేర్చి మరిచిపోయినట్టు నిలబడి ఉండేవి. వాటి నడుమ ఒకచోట నేలలోంచి ఉడుకునీళ్ళు ఉబికేవి. వెనకటికి ఒక జాగీర్దారు, మోకాళ్ళ నొప్పులతో మంచం పట్టిన తన బేగం కోసం అక్కడ రాతితొట్టి, దాని చుట్టూ విడిది బంగళా కట్టించాడట. పని పూర్తి కాకముందే ఆమె కన్నుమూసింది. ఆ నీళ్ళలో దిగే యోగం లేక ఇంకా అక్కడే తిరుగుతోందనీ, వచ్చినవాళ్ళ కాలు పట్టి లాగుతుందనీ మా ఊళ్ళో చెప్పుకునేవారు. ఆ ఊటను దయ్యాల బుగ్గ అనేవారు. ఆ పేరంటే చాలు, పశువులు కాసేవాళ్ళు కూడా చుట్టు తిరిగి పోయేవారు.

జాగీర్లు పోతున్న ఆ రోజుల్లో, నాకు ఏడేళ్ళప్పుడు, పెద్ద జ్వరం వచ్చింది. జ్వరం పోయింది గానీ పోతూపోతూ నా కుడికాలి సత్తువ పట్టుకుపోయింది. నేల మీద మోపితే మడమ నుంచి తొడ దాకా ఒకటే పోటు. ఆ పోటుకు జడిసి నేను కాలు మోపడమే మానేశాను. వైద్యుడు పసర్లు పూశాడు, కట్లు కట్టాడు, చివరికి ఈ పిల్ల ఇక నడవదని మా అమ్మతో చెప్పేసి వెళ్ళిపోయాడు. మంచంలో పడుకుని ఆ మాట నేనూ విన్నాను.

అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఏడుస్తుంటే మా బాపమ్మ, అంటే నాన్న తల్లి, పిల్లను బుగ్గకు తీసుకుపోతానంది. కాళ్ళు లాగే దయ్యం దగ్గరికి కాలు చెడిన పిల్లనా అని అమ్మ మొత్తుకుంది.

“ఆ కాలు ఎట్లాగూ పనికొస్తలేదు. ఇగ లాగితే ఏం బోయింది?” అంది బాపమ్మ. ఆమె నోటికి మా ఇంట్లో ఎదురు లేదు.

మా చిన్నాయన బండి కట్టాడు. నాన్నకు తమ్ముడు, కుస్తీలో ఊరందరికీ హడల్. బండల దాకా వచ్చి బండి ఆపేశాడు. ఎడ్లు బెదురుతున్నాయి, తాను లోపలికి రానన్నాడు. ఎడ్లేమో నింపాదిగా నెమరు వేసుకుంటున్నాయి. బాపమ్మ ఆయన్ను ఎగాదిగా చూసి, నన్ను చంకనేసుకుని నడిచింది.

చలికాలం పొద్దు. గోడలు సగం కూలాయి, కప్పు లేదు, కమానులు మాత్రం మిగిలాయి. తొట్టిలోంచి లేచిన ఆవిరి ఆ కమానుల నిండా కమ్ముకుని, అందులోకి ఎండ ఏటవాలుగా దిగి, చోటంతా పాలు పోసినట్టు తెల్లగా వెలుగుతోంది. అగ్గిపుల్ల గీసినప్పటి వాసన. నేల కింద ఎవరో ఆయాసపడుతున్నట్టు గుడగుడమని చప్పుడు. భయంతో బాపమ్మ మెడను గట్టిగా కరుచుకున్నాను. అయినా కళ్ళు మూసుకోబుద్ధి కాలేదు. అంత అందమైన చోటు నేను అప్పటిదాకా చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

బాపమ్మ గడప దగ్గరే ఆగింది. కొంగు తల మీదికి లాక్కుని, పక్కింటికి వెళ్ళినప్పుడు పలకరించినట్టే పలకరించింది.

“బేగంసాబ్, జర జాగ ఇస్తవా తల్లీ? పిల్లకు కాలు బాగలేదు. నాకు గూడ మోకాళ్ళు నొస్తున్నయి. నీకు తెల్వని బాధ కాదు గద.”

జవాబు కోసం ఆగింది. నేనూ చెవులు రిక్కించాను. నాకు నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. రమ్మంటున్నదని చెప్పి, బాపమ్మ నన్ను తొట్టిలోకి దింపింది.

తొట్టి లోపలి మెట్టు మీద కూర్చుంటే నీళ్ళు నా ఛాతీ దాకా వచ్చాయి. ఆ వెచ్చదనం మెల్లగా ఎముకల్లోకి పాకింది. బాపమ్మ తెచ్చిన నలుగుపిండి కొంత నా కాలికి రుద్ది, కొంత పక్కన రాతి మీద పెట్టింది. అది బేగం వాటా అట. కాసేపటికి నా చెవి దగ్గరికి వంగి నెమ్మదిగా అంది.

“జర అటు జరుగు బిడ్డా. బేగం కూసుంటదట.”

చుట్టాలొస్తే జరిగి చోటివ్వడం మాకు ఊహ తెలిసినప్పటి నుంచీ నేర్పిన మర్యాద. పెద్దావిడ, అందులోనూ మోకాళ్ళ నొప్పుల మనిషి, నిలబడి ఉంటే నేను కూర్చోవడమా అనిపించింది. దయ్యమన్న మాట ఆ క్షణాన గుర్తే రాలేదు. అంచు పట్టుకుని లేచి, నీళ్ళలో నాలుగడుగులు వేసి, ఆ చివర కూర్చున్నాను. కూర్చున్నాక గానీ తెలియలేదు, నేను నడిచానని. నీళ్ళు నా బరువు మోశాయి, పోటు లేదు. సంతోషంతో బాపమ్మ వైపు తిరిగాను. అంత మాటకారి మనిషీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

ఆ చలికాలమంతా వెళ్తూనే ఉన్నాం. ఎండలు ముదిరేసరికి ఇంట్లో గోడ పట్టుకుని నడిచాను, తర్వాత గోడ కూడా వదిలేశాను. ఈలోగా ఎడ్ల బెదురు తగ్గిందేమో, చిన్నాయన గడప దాకా వచ్చి నిలబడేవాడు.

పెద్దదాన్నయ్యాక ఒకసారి బాపమ్మను అడిగాను, ఆ రోజు బేగం నిజంగా కనపడిందా అని. చేటలో బియ్యం ఏరుతూ, తల కూడా ఎత్తకుండా అడిగింది.

“నువ్వు జరిగినవా లేదా?”

ఇప్పుడు ఆ బండలు లేవు. పేల్చేసి అద్దాల మేడలు కట్టారు. బుగ్గ ఏ మేడ కింద పడి ఉందో తెలియదు. నా కుడికాలు ఇప్పటికీ కొంచెం ఈడుస్తాను. ఎక్కడ కూర్చున్నా కాస్త జరిగి, పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదలడం నాకు అలవాటైపోయింది. మొన్న దవాఖానలో స్కానింగ్ గది బయట ఒక్కదాన్నే కూర్చున్నాను. ఏం చెబుతారోనని చాలా భయమేసింది. అప్పుడూ జరిగాను. ఆ ఖాళీ చోటు మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను. లోపలి నుంచి నా పేరు పిలిచారు. “జర జాగ ఇయ్యి తల్లీ” అని గడప దగ్గర మెల్లగా అనుకుని, నా కాళ్ళ మీద నేనే నడిచి లోపలికి వెళ్ళాను.