ఐసు కూడా నీళ్లే

ఈ మాట ఇన్నేళ్లుగా గొంతు దాకా వచ్చి వెనక్కి పోతూనే ఉంది. భోజనాల దగ్గర వచ్చింది. మనవరాలి పుట్టినరోజుల్లో వచ్చింది. ప్రతిసారీ గుక్కెడు మజ్జిగతో మింగేశాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలనేమో అనిపిస్తోంది. పూర్తయ్యేదాకా కాస్త ఓపిక పట్టండి.

మాది కైకలూరు. బతుకంతా ఐసు పని చేశాను. చెరువుల్లో పట్టిన చేపల్ని పెట్టెల్లో సర్ది, మధ్య మధ్య ఐసు వేసి లారీలకు ఎక్కించేవాళ్లం. ఏ ఎండకు ఎంత కరుగుతుందో, ఎంత దూరానికి ఎంత వేయాలో దిమ్మను చూసి చెప్పేవాణ్ణి. గొప్పకు చెప్పడం లేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి చాలు.

లాస్య నా కొడుకు కూతురు. గుండెలో లోపంతో పుట్టింది. పాలు తాగుతూ తాగుతూ ఆగి ఆయాసపడేది. గోళ్లు నేరేడుపండు రంగుకు తిరిగేవి. పసిగుడ్డుగా ఉన్నప్పుడే విజయవాడలో ఒక ఆపరేషన్ చేశారు. నడక వచ్చాక తొడ దగ్గర్నుంచి సన్నని గొట్టం పంపి ఇంకేదో సరిచేశారు. బడికి వేయాల్సిన వయసులో పెద్ద ఆపరేషన్ అయింది. ఇంట్లో అందరం తలో పని ఎత్తుకున్నాం. మావాడు చేపల మేత కొట్లో పని మానకుండానే ఆసుపత్రికీ ఇంటికీ తిరిగాడు. మా ఆవిడది వంట. నాది కబుర్లు చెప్పడం, భుజాన వేసుకు తిప్పడం. మిగతాదంతా, అంటే అసలు చాకిరీ అంతా, మా కోడలు సుజాతదే.

సుజాత తాడేపల్లిగూడెం పిల్ల. మా ఇంటికి వచ్చినప్పుడు చీమకు కూడా అడ్డు చెప్పేది కాదు. పిల్ల పుట్టాక నర్సమ్మలనే ఎదురు ప్రశ్నలు వేసేది. మందు సిరంజిలోకి తీసి, కిటికీ వెలుతురుకు పట్టి చూసుకునేది. ఆ చేతుల మీద నాకున్నంత గురి ఇంకెవరికీ లేదు. అదే కదా నా బాధ.

పెద్ద ఆపరేషన్ తర్వాత ఇంటికి పంపుతూ, నీళ్లు కొలిచి ఇవ్వమన్నారు. పాలు, మజ్జిగ, చారు అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. ఒంట్లో నీరు చేరితే ఆ చిన్న గుండె మోయలేదట. సుజాత ఒక సీసా మీద గీతలు పెట్టింది. పొద్దున్నే దాన్ని నింపేది. రోజంతా అందులోంచే. అసలే వేసవి. పిల్ల నీళ్లని ఏడిస్తే తడిగుడ్డతో పెదాలు అద్దేది. దాని ఎదురుగా తనూ గుక్కెడు నీళ్లు తాగేది కాదు.

ఒక మధ్యాహ్నం సుజాత స్నానానికి వెళ్లింది. లాస్య నా ఒళ్లో కూర్చుని, నా చొక్కా గుండీ తిప్పుతూ, "తాతయ్యా, నీళ్లొద్దులే. చల్లగా ఏదైనా పెట్టవా?" అంది. ఎలా ఊరుకోనండీ? ఫ్రిజ్‌లోంచి ఒక ఐసు ముక్క తీసి నోట్లో పెట్టాను. చేపల ఐసు కాదు లెండి, అంత బుద్ధిలేనివాణ్ణి కాదు. కళ్లు మూసుకుని చప్పరించింది. ఆ మొహం చూస్తే నాకు ఎంత సంబరమో! "అమ్మకు చెప్పకే" అన్నాను. నవ్వి, నా నోరే తన చేత్తో మూసింది.

ఒక్క ముక్కతో ఆగానా? సుజాత స్నానానికి వెళ్లినప్పుడల్లా మా ఇద్దరికీ పండగే. ముక్క కాస్తా గిన్నె అయింది. నీళ్లు కాదు కదా, ఐసే కదా, నోరు తడవడానికే కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. నిజంగా నమ్మానా? ఐసు కరిగితే ఎంత నీరవుతుందో చెప్పి జీతం తీసుకున్నవాణ్ణి, నా మనవరాలి నోట్లో కరిగేది మాత్రం నీరు కాదని ఎలా అనుకున్నాను? అనుకోలేదు. అనుకోవాలనుకున్నాను.

కొద్ది రోజుల్లోనే పిల్ల మొహం ఉబ్బింది. పడుకుంటే ఊపిరాడలేదు. ఏలూరు తీసుకెళ్తే అక్కణ్ణుంచి విజయవాడ పంపారు. ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరిందన్నారు. ఎవరైనా నీళ్లు ఎక్కువ ఇచ్చారా అని డాక్టరుగారు అడిగారు. లేదండీ, కొలిచే ఇచ్చానండీ అంది సుజాత. లాస్యను అడిగితే, ముక్కుకు గొట్టంతోనే నా వైపు చూసి, తల అడ్డంగా ఊపింది. మాట నిలబెట్టుకుంది నా తల్లి. నేను నోరు తెరవలేదు.

ఆసుపత్రి వరండాలో మా ఆవిడ సుజాతతో మెల్లగానే అంది. "పిల్ల ఏడుస్తుంటే ఏ తల్లి ఊరుకుంటుందమ్మా? ఇచ్చుంటే ఇచ్చానని చెప్పెయ్యి. ఎవరూ ఏమీ అనరు."

సుజాత చాలాసేపు తన చేతులకేసి చూసుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"నేనే ఎక్కడో కొలత తప్పానేమో మావయ్యగారూ. నిద్దర్లేక గీత సరిగ్గా చూసుకోలేదేమోనండీ."

"పోనీలేమ్మా. జరిగిందేదో జరిగింది. నువ్వు బాధపడకు."

ఆ మాటన్నది నేనేనండీ. నేను చేసిన తప్పుకు సుజాతను క్షమించాను. ఎందుకలా చేశాను? మావాడి మొహం చూడలేననా? మా ఆవిడ తిడుతుందనా? అవేమీ కావు. ఇక లాస్యను నా ఒళ్లో వదలరని. ఆ ఒక్క భయానికి కోడల్ని బలిపెట్టాను.

పిల్ల తేరుకుంది. ఇప్పుడు సైకిలు మీద హైస్కూలుకు వెళ్తుంది. డాబా మెట్లు మాత్రం మధ్యలో ఒకసారి ఆగి ఎక్కుతుంది. నా మీద పెత్తనమంతా దానిదే. తేరుకోనిది సుజాత. ఈనాటికీ మందు కొలిచాక ఇంకొకరికి చూపించందే పిల్లకు వేయదు. పైగా చుట్టాలొస్తే, ఆ రోజు మా మావయ్యగారు ఒక్క మాట కూడా అనలేదండీ అని మురిసిపోతూ చెబుతుంది. నేను చెప్పులేసుకుని వీధిలోకి వెళ్లిపోతాను. పొగిడితే నాకు సిగ్గనుకుంటారు.

ఈ ఏడు నా గుండే మొరాయించింది. నాకూ నీళ్లు కొలిచే ఇమ్మన్నారు. సుజాత మళ్లీ సీసా మీద గీతలు పెట్టింది. ఇవాళ పొద్దున దాన్ని నింపి, కూతురికి చూపించి, సరిగ్గా గీత మీదే ఉందా, నా కళ్లను నేను నమ్మను అంది. సరిగ్గా ఉందమ్మా అంది లాస్య. సుజాత అటు వెళ్లగానే నా పక్కన కూర్చుని, నోరెండుతోందా తాతయ్యా, ఐసు ముక్క తేనా అని గుసగుసగా అడిగింది.

వద్దమ్మా, ఐసు కూడా నీళ్లే అన్నాను. నా వంక చూసింది. నా చొక్కా గుండీ సరిచేసి బడికి వెళ్లిపోయింది.

సుజాత వంటింట్లోనే ఉంది. లేచి వెళ్లి చెప్పాలి. చెబుతానా? మాటివ్వలేను. చెప్పినా, తన చేతుల్ని తాను అనుమానిస్తూ బతికిన ఏళ్లు ఆమెకు తిరిగి రావు. కానీ ఒక్కరి దగ్గరైనా ఈ మాట నా నోటి నుంచి బయటికి రావాలి. మీ దగ్గర అంటున్నాను, వినండి. ఐసు పెట్టింది నేను. సుజాత కొలత తప్పలేదు.