వజ్రపు పొడి రుద్దిన చేయి

మా పాత సంస్థకు మూడు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు.

తొంభైల చివర నానక్‌రామ్‌గూడలో, సోలార్ సెల్ అద్దాలకు వెలుగును ఆపకుండా కరెంటును పారించే వజ్రపు పూత వేసేవాళ్లం. పూత పట్టాలంటే ముందు అద్దాన్ని వజ్రపు పొడితో రుద్దాలి. ఊడవడానికి వచ్చే ఖాజాగూడ ఆవిడ నన్ను చూసి నవ్వేది: "జర మెల్లగ అన్నా, బోళ్లు తోముతున్నవా?" తనే రుద్ది, ఒక కన్ను మూసి అద్దాన్ని ఎండకు పట్టి చూసేది. ఆమె రుద్దిన అద్దం మీదే పూత తేటగా నిలిచింది, కరెంటూ పారింది.

"ఎవరు రుద్దారు?" అని డైరెక్టర్ అడిగితే, ఆమె ఎదుటే "నేనేనండి" అన్నాను. ఆయన నివేదికలో నా పేరే రాశారు. మర్నాటి నుంచి ఆమె నన్ను "సార్" అనసాగింది.

నన్నెవరు అవమానించినా మరవను. ఈ అవమానం నేను చేసింది.

నాలుగో ఉత్తరంలోనూ ఇదే అడుగుతున్నాను: నివేదికలో నా పేరు కొట్టేసి ఆమె పేరు వేస్తారా, వేయరా? జవాబు చెప్పండి.