ఎర్రచీమతో మూడేళ్ళ తగువు

కళ్ళద్దాల దుకాణంలో వెనక గదికి కిటికీ లేదు. ముందు గదిలో ఫ్రేములూ, నిలువుటద్దాలూ, వచ్చేపోయే జనం. వెనక గదిలో అద్దాలు అరగదీసే మిషను, దాని ముందు స్టూలు, స్టూలు మీద ఇరవై ఆరేళ్ళుగా ఒకే మనిషి. ఊళ్ళో సగం మందికి లోకం కనిపించేది ఆయన అరగదీసిన అద్దాల్లోంచే. వాళ్ళలో ఒక్కరూ ఆయన్ని చూసి ఎరగరు. దుకాణంలో అద్దాలాయన అంటారు. పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదని అడిగేవాళ్ళు కూడా ఎప్పుడో అడగడం మానేశారు.

పాపం, నోట్లో నాలుక లేని మనిషి అనుకుంటున్నారేమో! మధ్యాహ్నం ఒంటిగంటకి టిఫిన్ డబ్బా తెరిచి, నీళ్ళ సీసాకి ఫోను ఆనించి పెట్టాడా, ఇక చూడాలి ఆయన జోరు.

సంగతేమిటంటే, ఆయన చిన్నప్పుడు మూగపిడుగు అనే వీరుడి బొమ్మల పుస్తకాలు వచ్చేవి. ఆ వీరుడు ఒక్క ముక్క మాట్లాడడు. ఆపదలో ఉన్నవాళ్ళని కాపాడతాడు, వెళ్ళిపోతాడు. ఆ కథని సినిమా తీస్తున్నారని మూడేళ్ళ కిందట కబురు పుట్టింది. పుట్టిందో లేదో, వేషం ఎవరికివ్వాలో తేల్చడానికి ఫోన్లో అభిమానుల గ్రూపొకటి లేచింది. వాళ్ళని అడిగినవాడెవడు? కందకు లేని దురద కత్తిపీటకి! ఆరడుగుల ఫైటింగుల హీరోకే ఇవ్వాలన్నాడు అద్దాలాయన. కాదు, పొట్టి కమెడియన్‌కి ఇవ్వాలంది ఎర్రచీమ. ఆడో మగో, ముసలో పడుచో తెలియదు, గ్రూపులో పెట్టుకున్న పేరది.

"మూగపిడుగు నడిచొస్తే సందు నిండిపోవాలి. నీ పొట్టోడొస్తే బంతి కోసం వచ్చిన పక్కింటి పిల్లాడనుకుంటారు," అని రాశాడు అద్దాలాయన.

"నీ పొడుగోడికి మొహంలో ఒక్క నరం కదలదు తాతా. మూగ వేషానికి మొహం కావాలి, కాళ్ళు కాదు. ముందు నీ కళ్ళద్దాలు మార్చుకో," అంది ఎర్రచీమ.

తాతా అనడం వట్టి వేళాకోళం. కళ్ళద్దాల మాట మాత్రం గురి చూడకుండానే తగిలింది. ఆ వెనక గదిలో ఆయన పైకే నవ్వేశాడు. ఆనాటి నుంచి మూడేళ్ళు, రోజూ ఒంటిగంటకి ఈయన ఒకటి రాయడం, ఐదు నిమిషాల్లో ఎర్రచీమ కుట్టడం. ఒక పూట అది రాకపోతే ఈయనకి ముద్ద దిగేది కాదు. కౌంటరు దగ్గరి అమ్మాయి తలుపులోంచి తొంగి చూసేది.

"ఎవరితో బాబాయ్ ఈ కొట్లాట? మాకు తెలీకుండా పిన్నినెక్కడైనా దాచావా ఏంటి?"

"శత్రువమ్మా, శత్రువు!" అనేవాడు సంబరంగా.

తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని ఆయన ఊరికే పట్టుబట్టలేదు. ఆ పుస్తకాలు చదివి వినిపించింది అన్నయ్య. వీరుడికి మాటల్లేవు కదా, ఆ బొమ్మ దగ్గరికొచ్చేసరికి అన్నయ్య పుస్తకం దించి, తన మొహంతోనే చూపించేవాడు. కోపం వస్తే ఇలా, జాలి కలిగితే ఇలా. అన్నయ్య ఆరడుగుల మనిషి. ముప్పై నిండకుండానే జ్వరంతో పోయాడు. మూగపిడుగు పొట్టివాడంటే అన్నయ్యని తగ్గించినట్టుండేది తమ్ముడికి. ఈ ముక్క ఎర్రచీమకి ఎన్నడూ చెప్పలేదు.

తీరా చూస్తే వేషం పొట్టి కమెడియన్‌కే వచ్చింది. చచ్చినా చూడనని ఒట్టు పెట్టుకున్న పెద్దమనిషి, మొదటి రోజు మార్నింగ్ షోకే వెళ్ళి గోడ పక్క సీట్లో కూర్చున్నాడు. సగం సినిమా అయ్యాక, తెర మీద ప్రాణం దక్కించుకున్న ఒక ముసలామె "నీ పేరేంటి నాయనా?" అని అడిగింది. మూగపిడుగు చెప్పలేడు. పొట్టివాడు ఒక కనుబొమ ఎత్తి, కింది పెదవి లోపలికి లాక్కుని, నవ్వీ నవ్వనట్టు చూశాడు. అచ్చం అన్నయ్య! అదే కనుబొమ, అదే పెదవి. అద్దాలాయన వెక్కి వెక్కి ఏడ్చాడు.

అటునుంచి అటే దుకాణానికొచ్చి, డబ్బా కూడా తెరవకుండా రాశాడు. "ఒప్పుకుంటున్నాను. నువ్వే రైటు."

ఎంత పిచ్చి మారాజు! ఆ గ్రూపులో ఒక కట్టుబాటుంది. ఎవరైనా ఓడిపోయానని ఒప్పుకున్నారా, గ్రూపు నడిపే ఆయన ఆ తగువుకి తాళం వేసేస్తాడు. ఇక అందులో ఎవ్వరూ రాయడానికి లేదు. ఎన్ని తగువులకి తాళం పడగా చూశాడో! కానీ మనసు నిండిపోయినవాడికి కట్టుబాట్లు గుర్తుంటాయా? ఐదు నిమిషాల్లో ఎర్రచీమ జవాబు రాలేదు. తాళంకప్ప బొమ్మ వచ్చింది.

మర్నాడు ఒంటిగంటకి ఫోను ఆనించి పెట్టుకున్నాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. విడిగా పలకరించవచ్చు. "భోంచేశావా?" అని టైపు చేశాడు కూడా. మూడేళ్ళలో ఒక్కనాడూ అడగని మాట. ఇప్పుడు అడిగితే ఏమనుకుంటుంది? చెరిపేశాడు. మిషను ఆపితే ఆ గది అంత నిశ్శబ్దంగా ఉంటుందని ఆయనకి ఇన్నేళ్ళకి తెలిసింది.

"ఏం బాబాయ్, శత్రువు రావట్లేదా?" అంది కౌంటరు అమ్మాయి.

"నేనే గెలిపించి పంపించేశానమ్మా."

డబ్బా సగం నిండుగానే ఇంటికి తిరిగి వెళ్ళేది. ఇంట్లో అడిగేవాళ్ళెవరు గనక!

పదకొండో రోజు గ్రూపులో కొత్త తగువు మొదలైంది. మొదలుపెట్టింది ఎర్రచీమ. "సినిమా మళ్ళీ చూశా. పొట్టోడు నప్పలేదు. ఆరడుగులోడికే ఇవ్వాల్సింది. మూగపిడుగు నడిచొస్తే సందు నిండిపోవాలి."

ఆయన మాటే అది. మూడేళ్ళ కిందటి మాట, అక్షరం పొల్లుపోకుండా. అద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు. ఎర్రచీమ మనసు మార్చుకుందంటే నమ్మడానికి ఆయనేం వెర్రివాడా? గెలిచినవాళ్ళకీ ముద్ద దిగలేదన్నమాట. ఎక్కడో ఏ గదిలోనో. వెంటనే రాశాడు.

"నీకేమైనా మతి పోయిందా? మూగ వేషానికి మొహం కావాలి, కాళ్ళు కాదు. ముందు నీ కళ్ళద్దాలు మార్చుకో."

ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

"నేను చచ్చినా ఒప్పుకోను తాతా. నువ్వు కూడా ఇంకెప్పుడూ ఒప్పుకోకు."

అద్దాలాయన డబ్బా మూత తీశాడు.