రాణి మార్చుకున్న మాట

వేలూరు నుంచి గుడియాత్తం వెళ్లే బస్సులో నా పక్కన యాభై దాటిన ఒకామె కూర్చుంది. చెవి వెనక మిగిలిపోయిన రంగును కొంగుతో తుడుచుకుంటోంది. నాటకాల్లో వేషం కడతారా అని అడిగాను.

"చిన్నప్పట్నించీ కడతా ఉండానమ్మా, రాణి వేషం" అంది.

రాజు వేషం కట్టే అతను స్టేజీ మీద "నాకు నువ్వు తప్ప ఎవరూ లేరు" అనేవాడట. తెర దించాక కూడా ఆమెతో అదే మాట అనేవాడట. ఆ మాట పట్టుకుని ఆమె పెళ్లి చేసుకోకుండా ఉండిపోయింది.

"ఒకసారి ఒడుగత్తూరు ఆటకు ఆయప్ప పెండ్లాం బిడ్డనెత్తుకోని వచ్చినాది. నాకు ముందే అనుమానమమ్మా. ఫోన్లో ఆడగొంతు వినపడితే చెల్లెలేమోలే అని నాకు నేనే చెప్పుకుంటా వచ్చినా. ఆయప్ప నన్ను మోసం చేసింది కొంచెమే. నన్ను నేను చేసుకునిందే ఎక్కువ."

ఆ ఆటలో "మిమ్మల్ని నమ్ముతున్నాను" అనాల్సిన చోట ఆమె "నమ్మను" అని స్టేజీ దిగి వెళ్లిపోయింది. జనం చప్పట్లు కొట్టారు. అప్పట్నుంచీ ప్రతి ఆటలోనూ ఆమె అదే మాట అంటోందట.

ఇంతలో ఆమె ఫోను మోగింది. గుడియాత్తంలో ఆ రాత్రి ఆట పెట్టిస్తున్న పెద్దమనిషి, పాత మాటే చెప్పమంటున్నాడు.

"పాత మాటే కావాలంటే ఇంకో రాణిని చూసుకో నాయనా. నేనొస్తే నమ్మననే చెప్తా" అని ఫోను పెట్టేసి, సంచి తీసుకుని గుడియాత్తం రాకముందే దిగిపోయింది.

అప్పట్లో నేనూ ఒకతని సాకులకు నా వంతు సాకులు కలుపుతూ బతుకుతున్నాను. ఆ సాయంత్రం అతను ఫోను చేసి, పని ఎక్కువగా ఉంది, ఈ వారం కూడా రాలేనన్నాడు.

ఇక రావద్దని చెప్పాను.