చెక్కకు చెంప ఆనించిన తల్లి

పందొమ్మిది వందల తొంభై రెండు, చలికాలం. పటాన్‌చెరుల బొంబాయి రోడ్డు పక్కన నా ఫర్నిచర్ దుకాణం. ముంగట రేకుల షెడ్డు, ఎన్క కర్ర సామాను. పెద్ద లారీ పోయిందంటే రేకులన్నీ గడగడలాడేవి. మా నాయన పొలం దున్నే నాగండ్లు, బండి గిర్రలు చేసిన వడ్లాయన. నా కాలం వచ్చేసరికి నాగండ్లు అడిగేటోళ్లు తగ్గిండ్రు, ఫ్యాక్టరీలు పెరిగినయ్. నేను మంచాలు, టేబుళ్లు, బీరువాల మీద పడ్డ.

మా దిక్కు పిల్ల పుడితే దూలానికి తొట్టెల కడ్తరు. నాలుగు కాళ్ల మీద నిలబడి చుట్టూ కటకటాలుండే పిల్లల మంచం అడుగుడు మొదలువెట్టింది ఫ్యాక్టరీ క్వార్టర్లల్ల ఉండే కోస్తా దిక్కోళ్లు. స్లాబుకు కొక్కెం లేకపాయె, తొట్టెల ఏడ కడ్తరు పాపం. వాళ్లను చూసి మనోళ్లకు గూడ అలవాటైంది.

నా మంచానికి బజార్ల ఒక పేరుండె. కదలదు, కిర్రుమనదు. జాయింట్లు, అంటే ఒక కర్ర మొనను ఇంకో కర్ర బెజ్జంల దిగగొట్టే తావులు, అవి ఊపిరాడనట్టు బిగిస్త. కాళ్ల కింద రబ్బర్ బుష్షులు తొడుగుత. బుష్షంటే మంచం కాలుకు చెప్పు లాంటిది. నేల అదిరినా మంచానికి తెల్వది, మంచం కదిలినా నేలకు తెల్వది. పక్కపొంటి లారీ పోయినా మీ పిల్ల నిద్ర చెడదని గిరాకీకి చెప్పేటోణ్ణి. గొప్పలు చెప్పుకునుడు నాకు జెర ఎక్కువనే. మా ఇంటామె ఇప్పటికీ అంటది.

ఆ కార్తీకంల ఇస్మాయిల్‌ఖాన్‌పేట నుంచి లింగన్న వచ్చిండు. రైతు, నాకు పాత ఎరుక. బిడ్డ అనసూయకు తొలి కాన్పు అయ్యింది, ఆడపిల్ల. ఇరవై ఒకటో రోజుకు తొట్టెల ఏస్తరు, అది తల్లిగారే పెట్టాలె. పుట్టకముందు కొనద్దు, ఒట్టి తొట్టెల ఇంట్ల ఉంచద్దు, ఊపద్దు అని మనకు పట్టింపు. అందుకే ఇసొంటి గిరాకీ ఎప్పుడొచ్చినా తొందర మీదనే వస్తది. బిడ్డ మొగని తాన పోయినంక పటేల్‌గూడల కిరాయింట్ల ఉంటదని, ఆడ దూలం లేదని, అందుకే మంచమే ఇయ్యిమని అడిగిండు. నా తాన ఉన్నదాంట్ల మంచి టేకుది చూపెట్టిన. లింగన్న చెయ్యేసి ఊపిండు. ఇసుమంత కదల్లే. నేను మీసం మీద చెయ్యేసుకున్న. ఆయన సంబురంగ తీస్కపోయిండు.

మాఘమాసంల ఒక పొద్దుగాల ట్రాలీ ఆటో వచ్చి దుకాణం ముంగట ఆగింది. అండ్ల నా టేకు మంచం. దాని పక్కన లింగన్న, చంటిపిల్లను ఒళ్లె ఏస్కొని ఒక పడుచు పిల్ల. నాకు సర్రున కాలింది. నా దుకాణం నుంచి పోయిన మంచం అప్పటిదాక ఒక్కటి గూడ వాపస్ రాలే. ఏం తక్కువైందని గట్టిగనే అడిగిన. లింగన్న నా చెయ్యి పట్టుకొని పక్కకు తీస్కపోయిండు.

అప్పుడు తెలిసింది నాకు. అనసూయకు చిన్నప్పుడే జ్వరమొచ్చి చెవులు పోయినయ్. మాట గూడ సక్కగ రాదు. చేతి సైగలతోని తండ్రి, మొగడు ఇద్దరే ఆమెతోని మాట్లాడుతరు. మంచి కుట్టుపని చేస్తది, మిషన్ సూది మొద్దువారితే చప్పుడుతోని కాదు, చేతితోని పసిగడ్తది. మొగడు శేఖర్ ఫ్యాక్టరీల ఫిట్టర్, షిఫ్టుల మీద పోతడు. ఇన్ని దినాలు తల్లిగారింట్ల ఆమె తల్లి పక్కన పండుకున్నది గనుక గడిచింది. ఇప్పుడు మూడో నెల, పటేల్‌గూడకు పోవాలె. ఆడ పొద్దంత ఒక్కతే. అత్త నర్సమ్మ కంది అనే ఊర్ల ఉంటది, పొలం ఇడిసి వచ్చేటట్టు లేదు. ఆ అత్త ఖరాఖండిగ చెప్పిందట. పిల్లకు పాలు గొంతుకు అడ్డం పడితే ఈమెకు ఎట్ల తెలుస్తది, నడక వచ్చేదాక పిల్ల నా తాన కందిల ఉంటది, తల్లి ఆదివారం ఆదివారం వచ్చి చూసుకోవాలె అని. గయ్యాళితనం గాదు అది. నర్సమ్మకే ఒక పసిపిల్ల అట్ల పోయింది. ఆ భయం ఆమెను ఇడువలే.

"అనసూయ ఒక్కటే అంటది సత్తెన్నా, ఈ మంచం మూగదట. పిల్ల కదిలితే దీనికి తెల్వదు, నాకు చెప్పదు అంటది," అన్నడు లింగన్న.

నేను ఏ గుణం గొప్పని అమ్మిన్నో, అదే ఆమెకు ఐబు, పెద్ద లోపం.

పిల్ల కాలుకు దారం కట్టి తల్లి చేతికి ముడి ఎయ్యరాదా అని అడిగిన. లింగన్న సైగ చేసి చెప్తే ఆమె నవ్వింది. నేను పొర్లితే పిల్ల లేస్తది, పిల్ల కాలు దారంల చిక్కుతది అని చేతులతోనే తిరిగి చెప్పింది. పక్కల ఏస్కొని పండుకుంటే మీద పడ్తవని అత్త ఒప్పుకోలేదట. ఇగ పిల్లను తండ్రి చేతికిచ్చి, చీరె చెంగు నడుముకు చెక్కి, నా దుకాణంల పడ్డది.

ఇప్పటికి ఎందరో గిరాకీలను చూసిన. కొందరు పాలిష్ చూస్తరు, కొందరు కాళ్లు చూస్తరు, కొందరు ధర తప్ప ఏమీ చూడరు. చెక్కకు చెంప ఆనించి చూసిన మనిషిని మాత్రం ఆమెనే చూసిన. ప్రతి మంచానికి ఒక కొసన చెంప ఆనించి కండ్లు మూసుకునేది, ఇంకో కొసన తండ్రిని గోటితోని కొట్టమనేది. ఇనుప పైపులది చూసి తల అడ్డంగ ఊపింది. అది లారీ పోతే గూడ వణుకుతది, ఏది లారీనో ఏది పిల్లనో తెల్వదని చెప్పింది. బరువు టేకు వద్దన్నది. ప్లైవుడ్ వద్దన్నది. నాకు లోపల మంట. నా సరుకునంత ఒక పిల్ల చెంపతోని కాదంటుంటే ఏ వడ్లాయనకు మండదు చెప్పుండ్రి.

ఆఖరికి ఎన్క గోడకు ఆనించిన ఒక పలక తాన ఆగింది. అది ఫ్యాక్టరీలకు బయటి దేశాల మిషన్లు దిగే పెట్టెల కర్ర. పైన్ వుడ్ అంటరు. తెల్లగ, తేలికగ ఉంటది. మేం దాన్ని డబ్బా కర్ర అని తీసిపారేసి బీరువాల ఎన్క కొడ్తం, ముంగటికి రానియ్యం. ఆ పలక మీద చెంప పెట్టంగనే ఆమె మొఖం మారింది. ఇదే అన్నట్టు అరచెయ్యి దాని మీద ఆనించింది.

నాకు నమ్మబుద్ధి కాలే. అది ఉత్త డబ్బా కర్ర అని లింగన్నకు చెప్పి, పరీక్ష పెడ్దామనుకున్న. పలకను రెండు బల్లల మీద పరిచి, ఆమెను ఒక కొసన అటు దిక్కు మొఖం పెట్టి కూసోమన్న. నేను ఇంకో కొసన గోటితోని గీకిన. ఆమె ఏలు లేపింది. ఆపిన. ఏలు దించింది. గోరు ఇడిసి ఏలు మెత్తతోని తాకిన. అయినా లేపింది. అప్పుడు గల్లాపెట్టె మీది కీ ఇచ్చే టైంపీసు తెచ్చి చప్పుడు గాకుండ పలక మీద పెట్టిన. ఆమె జెరసేపు గమ్మున కూసున్నది. తర్వాత చూపుడు ఏలుతోని తన మోకాలు మీద కొట్టుకుంట పోయింది. టక్కు టక్కు టక్కు. గడియారం ముల్లు లెక్క, ఒక్కటి గూడ తప్పలే. ఇరవై ఏండ్లు కర్ర కోసిన నాకు, అండ్లకెళ్లి ఇంత అదురు నడుస్తదని ఎరుక లేదు.

ఇగ మంట పోయింది, పని మీద పిచ్చి లేసింది. కొత్త మంచం మొదలువెట్టిన, కాళ్లకు బుష్షులు తొడుగలే. జాయింట్లు మాత్రం ఇంకా గట్టిగ బిగించిన, ఎందుకంటే లూజు జాయింట్ తాన అదురు చచ్చిపోతదని ఆమెనే పట్టిచ్చింది. పిల్ల పండే అడుగు మొత్తం పైన్ పలకలే. ఆ అడుగు నుంచి ఒక పొడుగు పట్టెను కటకటాల కిందికెళ్లి బయటికి తీసి, తల్లి మంచం తలాపు కర్రకు కలిపేటట్టు చేసిన. తల్లి దాని మీద తల ఆనిస్తే చాలు. నేను మురిసిపోయి మందంగ దూది పరుపు గూడ ఏసిన. ఆమె చూసి నవ్వి, పరుపు తీసి నా చేతుల పెట్టి, పాత చీరె మడత పరిచింది.

ఆదివారం నాడు లింగన్నను ఎంటేసుకొని పటేల్‌గూడకు మంచం నేనే తీస్కపోయి బిగించిన. నర్సమ్మ అప్పటికే కంది నుంచి వచ్చి కూసున్నది. దర్వాజ పక్కన పిల్ల బట్టల మూట కట్టి తయారుగ ఉన్నది. అటు దిక్కు తిరిగి పండుకున్న కోడలికి పిల్ల ఏడ్సుడు తెల్వాలె, అదే ఆమె పెట్టిన పరీక్ష. గెలిస్తే పిల్ల ఈడ ఉంటది, లేకుంటే సాయంత్రం బస్సుకు కందికి పోతది. శేఖర్ గోడకు ఒరిగి నిలబడ్డడు, తల్లిని ఎదిరించి మాట్లాడలేడు, పెండ్లాం దిక్కు చూడలేడు.

అనసూయ పిల్లకు పాలిచ్చి, మంచంల పండబెట్టి, తన మంచం మీద గోడ దిక్కు తిరిగి పండుకున్నది. చెంప తలాపు కర్ర మీద. పిల్ల నిద్రపోయింది. ఏడుస్తదేమోనని మేమందరం చెవులు రిక్కించి కూసున్నం. ఎంతసేపటికీ ఏడ్వకపోయె. కూసోని కూసోని ముచ్చట్లల్ల పడ్డం. లింగన్న ఎండలు అప్పుడే ముదిరినయన్నడు, నర్సమ్మ బాయిల నీళ్లు అడుగంటుతున్నయని చెప్పవట్టింది.

ఉన్నట్టుండి అనసూయ దిగ్గున లేసింది.

పిల్ల ఏడుస్తలేదు. ఇంట్ల మా మాటలు తప్ప ఏ చప్పుడు లేదు. నర్సమ్మ చెయ్యి ఊపి, "ఇంకా ఏడ్వనే లేదు, ఎందుకు లేసినవ్, పండుకో," అన్నది. కోడలు ఆమె దిక్కు చూడనే లేదు. పిల్లను గుంజుకొని భుజం మీద బోర్లేసి ఈపు మీద తట్టింది. ఒకటి, రెండు తట్లకు పిల్ల నోట్లకెళ్లి ఇరిగిన పాలు బుళుక్కున ఆమె రైక మీద పడ్డయ్. అప్పుడు, ఆ తర్వాత, పిల్ల కేర్ మన్నది. మొఖం ఇంకా నల్లగనే ఉన్నది.

పాలు అడ్డం పడ్డ పిల్ల ఏడ్వదు. ఏడ్వ చాతగాదు. ఊపిరాడక మడిమెలు పలకకు కొట్టుకుంటది, అంతే. నలుగురం చెవులున్నోళ్లం పిల్లకు అంత దగ్గర కూసోని ఏమీ ఇనలే. ఆమె చెంపకు తెలిసింది.

నర్సమ్మ లేసి పోయి, ఒట్టి పిల్లల మంచం ముంగట కూలవడి, పట్టె మీద తన చెంప ఆనించింది. "వడ్లాయనా, జెర అటుకెళ్లి కొట్టు," అన్నది. నేను పలక మీద ఏలు మెత్తతోని మెల్లగ తట్టిన. ఆమె కండ్లు మూసుకొని చూసింది. తల లేపి, "నాకేం తెలుస్తలేదు," అన్నది.

మల్ల నా దిక్కు గాదు, కోడలు దిక్కు చూసుకుంట అన్నది. "నా పిల్ల గూడ ఏడ్వలే. నేను పక్కల్నే పండుకున్న. రెండు చెవులున్నయ్ నాకు. ఇనలే."

ఆ మాట కోడలికి ఇనబడదు. కానీ అత్త మొఖంల ఏం చదివిందో, పిల్లను తెచ్చి ఆమె ఒళ్లె పెట్టింది. నర్సమ్మ మనుమరాలిని గుండెకు అదుముకొని ఏడ్సింది. ఏడ్సినంక పిల్లను తల్లికే ఇచ్చి, దర్వాజ కాడి మూట ఇప్పి, అండ్ల బట్టలు ఒక్కొక్కటి తీసి కోడలి అరల సర్దింది. సాయంత్రం బస్సుకు ఒక్కతే పోయింది.

ఆ పని నాకు నేర్పింది పెద్ద మాటల్ల చెప్పరాదు. అంతకుముందు గిరాకీ వస్తే ఏ కర్ర, ఏ సైజు అని అడిగేటోణ్ణి. ఆ దినం నుంచి ముందుగాల పిల్ల పక్కన పండుకునేది ఎవరని అడుగుత. కొందరు ఇదేం ప్రశ్న అన్నట్టు చూస్తరు, చూడనీ.

ఆ టేకు మంచం నేను ఎవ్వరికీ అమ్మలే. దుకాణంల ఉన్నది. డబ్బా కర్ర పలక గూడ ఒకటి దాసుకున్న. పగటీలి గిరాకీ లేనప్పుడు ఒక్కోసారి దాని మీద టైంపీసు పెట్టి, చెవులల్ల దూది కుక్కుకొని చెంప ఆనిస్త. ఇన్నేండ్లైంది, నాకు ఇంకా ఏమీ తెలుస్తలేదు.