వర్జ్యం రాకముందే

తాగనివాడికి బీరు గొడవ ఎందుకో నరసింహకి అర్థమయ్యేది కాదు. మామగారు వీరాంజనేయులు గారు అమెరికా వచ్చి, చికాగో పక్కన షామ్‌బర్గ్‌లో వీళ్లింట్లో దిగి మూడు వారాలైంది. బేస్‌మెంట్‌లో అల్లుడు సొంతంగా కాచుకునే బీరు వాసనకి ఆయన ముక్కు మూసుకోని రోజు లేదు. కూతురు జయంతి కులం కాని పెళ్లి చేసుకుందని తొమ్మిదేళ్లు మొహం చూడని పెద్దమనిషి, రిటైరైన తహసీల్దారు, వచ్చీ రాగానే అన్న మొదటి మాట, "మా పిల్ల తాగుడింట్లో పడింది."

నరసింహ తాత, తండ్రి నల్లగొండ దగ్గర తాళ్లెక్కి కల్లు గీశారు. అతను చదువుకుని ఇంజనీరయ్యాడు. కానీ పులిసే సరుకు మీద చెయ్యి మాత్రం వాళ్లదే. ఆ చేతి పనిని ఒక్కసారి ఈ మనిషి మెచ్చుకోవాలని అతనికి ఉండేది. ఆ కోరిక ఉన్నందుకు తన మీద తనకే మంట.

వారంవారం యాభై సీసాలు కడిగి నింపలేక, 1986 ఆగస్టులో ఒక శనివారం పొద్దున, మూతపడుతున్న బార్‌లో పాత కెగరేటర్ కొన్నాడు. నెత్తి మీద కుళాయి, కడుపులో పీపా పెట్టే ఫ్రిజ్ అది. రెండు వందలన్నది బేరమాడి నూట పాతికకి తెచ్చాడు. వ్యాన్‌లో నిలబడక పడుకోబెట్టాల్సి వచ్చింది. అమ్మినాయన మరీమరీ చెప్పాడు, ఒక రోజంతా నిలబెట్టి ఉంచాకే ప్లగ్ పెట్టమని, లేకపోతే నూనె గొట్టాల్లోకి పోయి కంప్రెసర్ కాలిపోతుందని.

గరాజ్‌లో దించేసరికి వీరాంజనేయులు గారు పంచాంగం పట్టుకుని ఎదురొచ్చారు.

"అల్లుడుగారూ, పదకొండున్నరకి వర్జ్యం వస్తోంది. ఈలోగా ఆన్ చేసెయ్యండి. ఇంటికొచ్చిన వస్తువు మంచి ఘడియలో మొదలవ్వాలి."

"రేపటి దాంక ఆగాలె మామయ్యా, అమ్మినాయన చెప్పిండు."

"అమ్ముకునేవాడికి వర్జ్యం సంగతేం తెలుసండీ?"

అంటూనే ఫ్రిజ్ తలుపు మీద కుంకుమ బొట్టు పెట్టేశారు. బీరు ఫ్రిజ్‌కి! కొబ్బరికాయ కూడా చేతికిచ్చారు. నరసింహ చేస్తున్నది తప్పని తెలిసే, కాయ కొట్టి ప్లగ్ పెట్టాడు.

పావుగంట గుర్రుమంది. తర్వాత లోపలేదో టకటక కొట్టుకుని ఆగిపోయింది. రిపేరు చేసేవాడికి ఫోన్ చేస్తే, కొత్త కంప్రెసర్ ఖరీదు ఫ్రిజ్ కంటే ఎక్కువన్నాడు.

"పాత సరుకు కొంటే ఇంతే. ముంతలు పట్టే చేతులకి మెషీన్లు అచ్చిరావు," అన్నారు వీరాంజనేయులు గారు.

జయంతి చివాలున ఆయన చేతిలోంచి పంచాంగం లాక్కుని చూసింది. "నాన్నా! ఇది బెజవాడ టైము. ఇక్కడ లెక్కే వేరు. మీ వర్జ్యం నిన్న అర్ధరాత్రే వచ్చి పోయింది!"

పాత ఫ్రిజ్ నాశనం, చేతులకి తిట్లు, దానికి కారణం ఎక్కడో బెజవాడ గడియారం. నరసింహకి ఒళ్లు మండిపోయింది. ప్లగ్ పీకి నేలకేసి కొట్టాడు.

"నాకు వర్జ్యం మీద నమ్మకం లేదు మామయ్యా. ఆగాలెనని నాకు తెలుసు. ఇంజనీర్‌ని, నాకు తెల్వదా? తొమ్మిదేండ్ల సంది మీ నోట రాని మాట ఇయ్యాల వచ్చింది. 'అల్లుడుగారూ' అన్నరు. గందుకే పెట్టిన ప్లగ్."

వీరాంజనేయులు గారు కుంకుమంటిన వేళ్లు పంచెకి తుడుచుకుంటూ నిలబడిపోయారు. నరసింహ మాత్రం ఆయన ఏదో ఒకటి అంటారేమోనని, అంత కోపంలోనూ, చూస్తూనే ఉన్నాడు.