దూదిగది తలుపు

రావల్కోల్ సుగ్రాబీకి పొగంటే భయం. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. ఎవరైనా చెత్త తగలబెడితే చాలు, చేతిలో పని చేతిలోనే వదిలేసి వాకిట్లోకి వచ్చి నిలబడేది. ఎందుకని అడిగితే, "నాకు పడదు" అనేసి ఊరుకునేది. అసలు కారణం తెలిసినవాడు భర్త షుకూర్ ఒక్కడే. ఆయన పోయాక ఆ మాట ఆమె నోట మళ్ళీ రాలేదు.

పెళ్ళైన కొత్తలో ఆమె మేడ్చల్ దగ్గరి నూలు మిల్లులో పని చేసింది. పత్తి బేళ్ళు విప్పి, దూది చీల్చి మిషన్లో వేసే గదిలో ఉండేది. తర్వాత మిల్లు మూతబడింది. ఏళ్ళకేళ్ళు పాడుబడి, ఈమధ్యనే రంగులేసుకుని మ్యూజియమైంది. కండ్లకోయలో ఇంజనీరింగ్ చదివే మనవరాలు అనం ఆ సంగతి విన్నప్పటినుంచీ ఒకటే పోరు.

"దాదీ, నువ్వు పని జేసిన మిల్లే గదా! ఐతారం పోదాం."

"గండ్ల ఏమున్నది బేటా సూడనీకి? గప్పుడే మస్తు సూసిన."

"నాకు సూపియ్యవా మరి?"

ఆ పిల్ల మొహం చూసి కాదనలేకపోయింది. ఆదివారం దాకా ఆమెకు సరిగా అన్నం సయించలేదు.

గేటు దాటగానే కొత్త రంగు వాసన వచ్చింది. సుగ్రాకు కొంచెం ధైర్యం వచ్చింది. ఇది ఆ మిల్లు కాదేమో అనిపించింది. చూపించడానికి వచ్చిన కుర్రాడు హేమచంద్ కోస్తావాడు, మాట మెత్తన. తాళ్ళు కట్టిన మిషన్ల మధ్య నుంచి అందరినీ నడిపిస్తూ ఏది ఏమిటో చెబుతున్నాడు. అనం ఫోటోలు తీస్తోంది. సుగ్రా మాత్రం నేలకేసి చూస్తూ నడిచింది. గోడలకు రంగులేశారు గానీ నేల మార్చలేదు. ఏ మూల తిరిగితే ఏమొస్తుందో ఆమె కాళ్ళకు తెలిసిపోతోంది.

చివరి మలుపు తిరిగేసరికి దూదిగది ఇనుప తలుపు ఎదురైంది. సుగ్రా ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఇగ పోదాం బేటా," అంది.

"ఇదొక్కటే దాదీ, జల్దీ సూసి పోదాం." అనం చెయ్యి పట్టి లోపలికి లాగింది.

అందరూ వచ్చాక హేమచంద్ తలుపు మూశాడు. "ఇప్పుడు అప్పటి మిల్లు ఎలా ఉండేదో మీరే చూస్తారండి," అని లైట్లు ఆర్పేశాడు.

చీకట్లో సైరన్ మోగింది. నాలుగు గోడల్లోంచీ మిషన్ల మోత లేచి గుండెల మీద పడింది. దూది ధూళిలా కనబడాలని పెట్టారేమో, మూలనుంచి తెల్లని పొగ పాక్కుంటూ వచ్చింది. పిల్లలెవరో సంబరంగా కేకలేశారు. సుగ్రాకు ఆ కేకలు సంబరంలా వినబడలేదు. ఆమెకు ఊపిరాడలేదు. మనుషుల్ని తోసుకుంటూ వెళ్ళి తలుపును రెండు చేతులా బాదింది.

"తెరువుండ్రి! తాళం తియ్యుండ్రి! సిద్దమ్మా, ఇటు రా, ఇటు!"

హేమచంద్ హడలిపోయి లైట్లు వేశాడు. తలుపు తెరిచాడు. సుగ్రా బయటి అరుగు మీద కూలబడింది. ఒళ్ళంతా చెమట. అనం ఏడుస్తూ నీళ్ళు తాగించింది.

"దాదీ, సిద్దమ్మ ఎవరు?"

సుగ్రా కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత మెల్లగా చెప్పింది.

"నా జోడు. శామీర్‌పేట పిల్ల. దూది దొంగతనం జేస్తమని మమ్మల్ని లోపలేసి బయటికెల్లి తాళమేసేటోళ్ళు. ఒకనాడు మిషన్ల రవ్వ లేసి దూదంటుకుంది. కొట్టినం, ఒర్లినం. మోతల ఎవలికీ ఇనబడలె. తలుపు తీసేసరికి నాకు పానం ఉండె, దానికి లేకుండె. నా చెయ్యి పట్టుకొనే పోయింది."

హేమచంద్ మొహం తెల్లబోయింది. "మాకెవరూ ఈ సంగతి చెప్పలేదమ్మా. తెలిస్తే ఆ పొగ పెట్టేవాళ్ళం కాదు. ఆపించేస్తాను. ఆమె పేరు ఆ గదిలో రాయిస్తాం."

సుగ్రా అతనికేసి చూసింది. తర్వాత అనం భుజం పట్టుకుని లేచి, మళ్ళీ ఆ తలుపు దగ్గరికి నడిచింది.

"నువ్వు గడప మీదనే నిలబడు బేటా. తలుపు ఇడువకు."

వెలుగున్నా, తలుపు బార్లా తెరిచి ఉన్నా ఆమె ఒక్కో అడుగే వేసింది. గోడ పట్టుకుని ఎడమ మూలదాకా వెళ్ళింది. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా పక్కకు జరిగారు.

"ఈడ," అంది. "ఈడనే ఉండె సిద్దమ్మ."

వంగి ఆ మూల నేలను చేత్తో తడిమింది. వెనక తలుపు కిర్రుమన్నట్టయి గబుక్కున తిరిగింది. అనం దాన్ని రెండు చేతులా గట్టిగా పట్టుకునే ఉంది. అయినా సుగ్రా అక్కడ నిలవలేకపోయింది. పరుగులాంటి నడకతో బయటపడింది.

ఇద్దరూ ఆటో ఎక్కారు. మేడ్చల్ దాటాక అనం భయంభయంగా అడిగింది.

"నాతోని మళ్ళ ఎన్నడన్న వస్తవా దాదీ?"

"రాను," అంది సుగ్రా. "సచ్చినా రాను. నువ్వు పో. పోయి సిద్దమ్మ పేరు రాయించిండ్రా లేదా సూసి రా."